ఇరవై ఏడో దిబ్బ

"నీ ఇరవై ఏడో దిబ్బ మన కొంప నిలబెట్టింది, మెరిల్!" అంటూ బేకరీ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు ఎర్ల్.

మెరిల్ అప్పుడే పొయ్యిలోంచి తీసిన మాంసం కూరిన పై రొట్టెలను గాజు బీరువాలో సర్దుతోంది. ఆ మాట చెవిన పడగానే చేతిలో పట్టకారు వదులైంది. ఒక పై జారి నేలమీద పడి చితికింది. వంగి దాన్ని ఎత్తుతున్నంతసేపూ మొహం కనపడకుండా ఉన్నందుకు ఆమె సంతోషించింది.

ఎర్ల్‌కి డెబ్భై ఆరేళ్ళు. కాలూరా ఊళ్ళో పాత గోధుమ రైతు. అక్కడ మాలీ కోళ్ళ లెక్కంతా ఆయన చేతిమీదుగానే జరుగుతుంది. పొలాలు ఆగిపోయిన చోట మొదలయ్యే అడవిలో, నాటుకోడంత ఉండే ఈ పిట్ట గదంత ఇసుకదిబ్బ పోసి, లోపల ఆకులు కుళ్ళబెట్టి, ఆ వేడిలో గుడ్లు పొదిగిస్తుంది. అలాంటి దిబ్బలు నలభై మూడున్నాయి. ఏటా అక్కడ ఎండలు మొదలయ్యే నవంబరులో ఊరివాళ్ళే ఇద్దరిద్దరుగా వెళ్ళి ఒక్కొక్కదాన్నీ చూసి, కొలిచి, ఫోటో తీసి, కాగితం నింపాలి. పిట్ట పని చేస్తున్నది వేడి దిబ్బ, వదిలేసింది చల్ల దిబ్బ. కాకికీ కొంగకీ మించి ఏ పిట్ట పేరూ తెలియని మెరిల్‌కి రెండేళ్ళపాటు రెట్టలు, ఈకలు, గుడ్డుపెంకు ముక్కలు చేతిలో పెట్టి చదువు చెప్పింది ఆయనే.

"పార్కు వాళ్ళు ఫోన్ చేశారు. ఎండలు ముదరకముందే అడవిలో మంట దాటకుండా చెట్లు తోసేసి ఖాళీ పట్టీ వేసేస్తారట. సోమవారం బుల్డోజరొస్తోంది. ముందు ముప్పై ఒకటో దిబ్బ పక్కనుంచే గీశారు మహానుభావులు. నేనూరుకుంటానా? నీ కాగితం వాళ్ళ ముందు పెట్టా. ముప్పై ఒకటి వేడి, ఇరవై ఏడు చల్ల, చూసుకోండి అన్నా. నోరెత్తకుండా పట్టీ అటు జరిపారు."

"అటంటే?"

"ఇరవై ఏడు మీంచి. పందొమ్మిదేళ్ళుగా చచ్చిన దిబ్బేగా. పోతే పోయింది." ఆయన రెండు పైలు కట్టించుకుని, ఒకదాన్ని అక్కడే కొరుకుతూ, "శ్రద్ధంటే నీది. మిగతావాళ్ళకి చెప్పా, మెరిల్ కాగితం చూసి నేర్చుకోండని" అన్నాడు.

తలుపు మూసుకుంది. మెరిల్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇరవై ఏడో దిబ్బను ఆమె చూడనేలేదు.

పది రోజుల కిందట, మధ్యాహ్నం రెండింటికి, ఎండ నలభై దాటిన వేళ ఆ ఒక్క దిబ్బా మిగిలింది. జోడీగా వచ్చిన డాట్ మోకాలు వాచి బండిలోనే కూర్చుండిపోయింది. ఒంటరిగా అడవిలోకి పోకూడదన్నది మొదటి నియమం. అయినా మెరిల్ బయల్దేరింది. మూడు వందల మీటర్లు నడిచి వెనక్కి చూస్తే బండి లేదు, దారి లేదు. ఎటు తిరిగినా ఒకే ఎత్తు మాలీ చెట్లు, ఒకే ఎర్ర ఇసుక, ఒకే ముళ్ళగడ్డి. చేతిలో జీపీఎస్ బాణం ముందుకే చూపిస్తోంది. కాళ్ళు మాత్రం పడలేదు. ఒక చెట్టు మొదట్లో కూలబడి, గుండెదడ కాస్త తగ్గాక, తన అడుగుజాడలే వెతుక్కుంటూ బయటపడింది. "చూశా. చల్లగానే ఉంది" అని డాట్‌తో చెప్పింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మెరిల్ చక్కగా అతికించింది. పోయినేడు ఎత్తు అరవై రెండు సెంటీమీటర్లయితే యాభై తొమ్మిదని రాసింది, చల్ల దిబ్బను గాలి ఏడాదికి ఆమాత్రం కోసేస్తుంది కాబట్టి. దాని ఫోటో ఉండాల్సిన చోట ఇరవై ఆరో దిబ్బను వెనకనుంచి తీసిన ఫోటో పెట్టింది. ఆ మూడు సెంటీమీటర్లు తగ్గించాలని తెలియడానికే రెండేళ్ళ చదువు పట్టింది. అంత చదువూ ఈ పనికి అక్కరకొచ్చిందని తలుచుకుంటే ఆమెకు తన చేతులమీదే అసహ్యం వేసింది.

శుక్రవారం పొద్దున్న మూడుసార్లు ఎర్ల్ నంబరు నొక్కి, మోగకముందే పెట్టేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, దుకాణంలోకి ఎవరొచ్చినా తనకోసమే వచ్చారనిపించింది. పది గంటలకు, తమలాగే దిబ్బల లెక్కకు వెళ్ళిన కోలిన్ వచ్చాడు. అంతకుముందు ఏడాది, దిబ్బ దాకా వెళ్ళకుండా దారిమీంచే దుర్భిణీతో చూసి రాశాడని, ఎర్ల్ అతన్ని ఊరి హాల్లో అందరి ముందూ నిలబెట్టాడు. మూడేళ్ళ కాగితాలు ఒక్కొక్కటే చదివి, ఒక్కొక్కదాని మీదా ఎర్రగీత కొట్టాడు. అరవయ్యేళ్ళ మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ నలుపుతూ నిలబడ్డాడు. అప్పుడు మెరిల్ కూడా మిగతావాళ్ళతో కలిసి తల ఊపింది.

"ఎప్పటి రొట్టేనా?" అని అడిగింది.

"అదే" అన్నాడు కోలిన్. డబ్బులిచ్చి, ఆగి, "ఒంట్లో బాగాలేదా? మొహం పిండిలా ఉంది" అన్నాడు.

"పిండే" అంది మెరిల్, చెంప తుడుచుకుంటూ. అతను వెళ్ళాక వెనక గదిలోకి పోయి పిండిబస్తా మీద కూర్చుంది. పరువు పోతుందన్న భయం ఒకటి. దాన్ని మించి ఇంకోటుంది. ఒకవేళ ఆ దిబ్బ వేడిదైతే? సోమవారం బుల్డోజరు గుడ్లమీంచి పోతుంది. పొమ్మని రాసిచ్చింది తను.

సాయంత్రం డాట్ ఇంటికి వెళ్ళింది. డాట్‌కి డెబ్భై రెండు. మోకాలికి ఐసుగడ్డల సంచీ కట్టుకుని, వరండాలో దోమతెర తలుపుకి చిరుగు కుడుతోంది. మెరిల్ నిలబడే మొత్తం చెప్పేసింది. డాట్ సూది ఆపలేదు. చిరుగు చివరిదాకా కుట్టి, దారం పంటితో కొరికి, అప్పుడు తలెత్తింది.

"ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉందే పిల్లా."

"ఉంది."

"వాచింది నా మోకాలు, బుర్ర కాదుగా. భయమేసింది డాట్, రేపొద్దాం అంటే నిన్ను కొరుక్కు తినేదాన్నా?"

"నవ్వుతావనుకున్నా."

"నవ్వేదాన్నే. నవ్వి రేపొచ్చేదాన్ని." డాట్ సూదిని కుర్చీచేతికి గుచ్చింది. "సరే, ఒకటి చెప్పు. దారి పక్కనున్న ముప్పై ఒకటి కూడా నువ్వొక్కదానివే చూశావ్, నేనప్పుడూ బండిలోనే ఉన్నా. అదీ ఈ బాపతేనా?"

మెరిల్‌కి గుండెలో ఎవరో చెయ్యి పెట్టినట్టయింది. "ఒట్టు డాట్! అది చూశా. పిట్టని కూడా చూశా. దిబ్బమీద నిలబడి ఉంది."

"ఇరవై ఏడుకీ చూశాననే అన్నావ్, ఇదే గొంతుతో."

నిజంగా చూసింది, ఆ రెండేళ్ళలో ఆమెకు దక్కిన ఒకే ఒక్క అపురూపమైన దృశ్యం, అదీ ఇప్పుడు అబద్ధం పక్కన అబద్ధంలా నిలబడింది. మెరిల్ మెట్లమీద కూర్చుని ఏడ్చింది. డాట్ ఏడవనిచ్చి, చివరికి, "రేపు తెల్లారగానే బండి తీసుకురా. ముందు దాని మొహం చూద్దాం, తర్వాత నీ మొహం సంగతి చూద్దాం" అంది.

శనివారం పొద్దు పొడవకముందే దారి పక్కన బండి ఆపారు. డాట్ నడిపే సీట్లోకి జరిగింది.

"అయిదు నిమిషాలకోసారి హారన్ కొడతా. వినపడితే బండి ఎటుందో చూసుకో. వినపడకపోతే అక్కడే ఆగిపో. రెండు గంటల్లో రాకపోతే ఊళ్ళో వాళ్ళందర్నీ పిలుస్తా, పరువూ గిరువూ చూసుకోను."

మెరిల్ బేకరీలో డబ్బాలు కట్టే ఎరుపూ తెలుపూ దారం ఉండ తెచ్చుకుంది. ఇరవై అడుగులకొక ముక్క చొప్పున కొమ్మలకు కడుతూ నడిచింది. ముళ్ళగడ్డి ప్యాంటులోంచి గుచ్చుకుంటోంది. ఈగలు కంటి కొసల్లో తడికోసం ముసిరాయి. మొదటి హారన్ గట్టిగానే వినిపించింది. మూడోది నీళ్ళలోంచి వచ్చినట్టుంది. తర్వాతది రాలేదు.

ఆగింది. గడియారం చూసుకుంది. ఆరు నిమిషాలు, ఏడు, ఎనిమిది. గాలి ఎదురు తిరిగిందో, డాట్‌కి ఏమైనా అయిందో తెలియదు. జీపీఎస్‌లో ఇంకా రెండు వందల పది మీటర్లు. పోయినసారి కూర్చుండిపోయింది ఇంతకన్నా చాలా ముందు. గొంతులోంచి చిన్న మూలుగు బయటికొచ్చింది, అది తనదేనని ఆమెకు కాసేపటికిగానీ తెలియలేదు. పక్కన ఆకుల్లో ఏదో సరసరా పాకింది. పామే అయ్యుంటుంది. ఆమె కదలకుండా నిలబడి, వెనక కొమ్మకు వేలాడుతున్న దారంముక్కనే చూస్తూ లోపల లెక్కపెట్టింది. వందదాకా లెక్కపెట్టినా భయం రవ్వంత కూడా తగ్గలేదు. ఇక అది తగ్గేది కాదని తెలిసి, భయంతోనే ఇంకో ముక్క కట్టి ముందుకు నడిచింది.

ముందుగా చప్పుడు వినిపించింది. ఎవరో ఇసుకను పారతో కాకుండా కాలితో ఎగదోస్తున్నట్టు గర్‌ర్‌మని, ఆగి, మళ్ళీ గర్‌ర్‌మని. మెరిల్ చెట్టు మాటుకి ఒదిగింది.

దిబ్బ నడినెత్తి గుంటలా తెరుచుకుని ఉంది. గుంటలో బూడిదరంగు వీపుమీద గోధుమ, తెలుపు చుక్కల పిట్ట వెనక్కి తన్నుతోంది. తన్నిన ప్రతిసారీ తడి ఇసుక అంచు దాటి పడుతోంది. నాలుగు తన్నులు తన్ని ఆగింది. ముక్కు ఇసుకలో గుచ్చి, ఉప్పు సరిపోయిందో లేదో చూసే వంటమనిషిలా కాసేపు అలాగే ఉండి, మళ్ళీ తన్నసాగింది. పోయినేడు చూసినవాళ్ళు పిట్ట తవ్వితే తెలిసేలా దిబ్బమీద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పుల్లల్లో ఒకటి అంత దూరాన ముళ్ళగడ్డిలో పడి ఉంది.

పందొమ్మిదేళ్ళ చల్ల దిబ్బ. సోమవారానికి రెండు రోజులు.

మోచేతిని చెట్టుకి ఆనించి ఫోటోలు తీసింది. కొలవడానికి దగ్గరికి పోలేదు. ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా వెనకడుగులు వేసి, దారంముక్కలు పట్టుకుని బయటికొచ్చింది. బండి దగ్గర డాట్ హారన్‌మీద గుద్దుతూ బూతులు తిడుతోంది. హారన్ పాడైపోయింది.

"వేడిది" అంది మెరిల్.

డాట్ తిట్లు ఆపింది. "నీ దుంప తెగ" అంది మెల్లగా.

మధ్యాహ్నం మెరిల్ ఒక్కతే ఎర్ల్ షెడ్డుకి వెళ్ళింది. కోత మొదలుకావడంతో ఆయన కోతయంత్రం కింద పడుకుని గ్రీజు పెడుతున్నాడు. బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ బూట్లకే చెప్పింది. తను వెళ్ళలేదని, ఎత్తు కల్పించానని, ఫోటో వేరే దిబ్బదని, పొద్దున వెళ్ళి పిట్టను చూశానని. చెపుతున్నంతసేపూ హాలు, ఎర్రగీతలు, కోలిన్ టోపీ కళ్ళముందు తిరిగాయి. గ్రీజు గొట్టం చప్పుడు ఆగింది. ఎర్ల్ వీపుమీద జరుగుతూ బయటికొచ్చి, లేచి కూర్చున్నాడు.

"ఫోటో సంగతి నాకు తెలుసు" అన్నాడు.

మెరిల్‌కి అర్థం కాలేదు.

"అది ఇరవై ఆరు. వెనకవైపు పిడుగుపడ్డ చెట్టు కొమ్మ ఒకటి వాలి ఉంటుంది. ఆ కొమ్మ నాకు తెలియకపోవడమేంటి?"

"తెలిసే పంపారా?"

"ముప్పై ఒకటి దక్కాలంటే పక్కన ఒకటి చల్లగా ఉండాలి. ఇరవై ఏడు ఎప్పుడూ చల్లదే. నువ్వు పోయినా అదే రాసేదానివి. పోకపోయినా అదే రాశావ్. నష్టమేముంది అనుకున్నా." ఆయన గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటున్నాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడుస్తున్నాడు.

"కోలిన్‌ని మాత్రం హాల్లో నిలబెట్టారు."

"కోలిన్ రాసింది నాకు పనికిరాలేదు."

అనేశాక ఆ మాట ఎలా ఉందో ఆయనకే వినపడినట్టుంది. తల దించుకున్నాడు. షెడ్డు రేకులు ఎండకి టపటపమన్నాయి.

"పట్టీని ఎలాగోలా కాస్త అటూ ఇటూ జరపమని నేను మాట్లాడతాలే. కారణం చెప్పక్కర్లేదు. నువ్వు ఫోన్ చేశావంటే నీ ఒక్క కాగితంతో పోదు మెరిల్. నా పందొమ్మిదేళ్ళూ తిరగేస్తారు."

"జరపకపోతే?"

ఎర్ల్ గ్రీజుగుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. రెండేళ్ళుగా ఎవరికి భయపడి ఒళ్ళు దగ్గర పెట్టుకుందో ఆ మనిషి ఇప్పుడు తనను చూసి భయపడుతున్నాడని మెరిల్‌కి అర్థమైంది. దాంతో ఆమెకు ధైర్యం రాలేదు సరికదా, ఇంకా భయమేసింది. ఇంతవరకూ తను తప్పు చేస్తే పట్టుకోవడానికి పైన ఒకరున్నారనుకుంది.

ఆదివారం పొద్దున పార్కు రేంజరు టెస్సాకి ఫోన్ చేసింది. చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని, చదివింది. "నేను మెరిల్ పాస్కో, కాలూరా నుంచి. ఇరవై ఏడో దిబ్బకి నేను వెళ్ళలేదు. వెళ్ళినట్టు రాశాను. నిన్న వెళ్ళాను. పిట్ట ఉంది."

టెస్సా చిన్నపిల్ల, పాతికేళ్ళు దాటవు. "యంత్రం రేపొద్దున్నే ఏడింటికండీ" అంది. తర్వాత, "ముప్పై ఒకటి కూడా మీరే కదా రాసింది?"

"నేనే. అదీ ఒక్కదాన్నే చూశా. నా మాట నమ్మొద్దు. మీరొచ్చి చూడండి."

"ఈ సంగతి ఎర్ల్ గారికి తెలుసా?"

మెరిల్ కాగితం చూసింది. దానికి జవాబు రాసుకోలేదు. "అది ఆయన్నే అడగండి" అంది.

సోమవారం ఏడింటికి, దారి పక్కన మెరిల్ చూస్తుండగా, బుల్డోజరు లారీమీంచి దిగింది. డ్రైవరు ఇంజను ఆపకుండా సిగరెట్టు వెలిగించుకున్నాడు. టెస్సా మొహం గంభీరంగా పెట్టుకుని వచ్చింది. వెనకే ఎర్ల్ బండి ఆగింది. ఆయన దిగి ఎవరినీ పలకరించలేదు. టెస్సా దగ్గరికి పోయి, "ఆ ఫోటో తప్పని నాకు తెలుసు. తెలిసే పంపా. రాసుకో" అన్నాడు. టెస్సా రాసుకుంది.

ముగ్గురూ అడవిలోకి బయల్దేరారు. అలవాటుగా ఎర్ల్ ముందు నడవబోయి, దారంముక్కలు చూసి పక్కకి తప్పుకున్నాడు. "నువ్వు పద" అన్నాడు. మెరిల్ ముందు నడిచింది. వెనక ఆయన ఎగశ్వాస వినిపిస్తోంది. పిట్ట ఉండదేమో, శనివారం తను చూసింది తన కళ్ళే కల్పించాయేమో, నమ్మడానికి తనే తనకు మిగల్లేదే అనుకుంటూ నడిచింది.

పిట్ట లేదు. దిబ్బ మూసి ఉంది. మెరిల్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. కానీ ఎర్ల్ మోకాళ్ళమీద కూర్చుని, అంచున ఇసుకను చిటికెతో తీసి, తాజా పాదముద్రల మీద చూపుడువేలు ఆనించకుండా గాల్లో తిప్పాడు. "ఇవాళ పొద్దున్నే మూసింది" అన్నాడు. "పందొమ్మిదేళ్ళు చల్లదని రాస్తూ వచ్చా. అందులో నేను కళ్ళారా చూసింది ఎన్నేళ్ళో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను."

టెస్సా ఫోటోలు తీసింది. రేడియోలో డ్రైవరుకి ఇంజను ఆపమని చెప్పింది. తర్వాత ఇద్దరివైపూ తిరిగి, గట్టిగా అనాలనుకున్నదాన్ని ఇబ్బందిగా అంది. "పట్టీ ఈ వారం వెయ్యరు. కానీ మీ గుంపు కాగితాలేవీ మా ఆఫీసు ఇక తీసుకోదు. బయటివాళ్ళు వచ్చి మొత్తం చూసేదాకా. పాతవి కూడా."

"పాతవి కూడా" అన్నాడు ఎర్ల్. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

ముప్పై ఒకటి దగ్గరికి చేరేసరికి తొమ్మిదయింది. అది తెరిచే ఉంది. అలికిడికి పిట్ట అప్పుడే చెట్లలోకి జారుకున్నట్టు అంచు ఇసుక ఇంకా రాలుతోంది. టెస్సా "ఇది వేడిదే" అంది. మెరిల్ కళ్ళు నిండాయి, కానీ ఆమె తుడుచుకోడానికి ఆగలేదు. పిట్ట తిరిగి రావాలి, త్వరగా కొలిచి పోవాలి.

పాత అలవాటున ఎవరి పనిలో వాళ్ళు దిగారు. దిబ్బ అంచు ఎత్తుకి సమంగా మెరిల్ పొడుగాటి కర్ర పట్టుకుంది. ఎర్ల్ దానినుంచి నేలదాకా టేపు దించాడు. నలభై ఏళ్ళు ఇసుక చూసిన కన్ను ఆయనది. వంగీ వంగకుండానే, "ఎనభై నాలుగు" అన్నాడు.

మెరిల్ కర్రను ఒక చేత్తోనే నిలిపి, మోకాలిమీది కాగితానికి పెన్సిలు ఆనించింది. రెండేళ్ళుగా ఆయన చెప్పిన ప్రతి అంకెనూ మారుమాట లేకుండా రాసిన చెయ్యి. అది ఆగిపోయింది.

"టేపు ఇటు చూపించండి, ఎర్ల్."

టెస్సా తలెత్తి చూసింది. ఎర్ల్ కూడా చూశాడు. ఆయన దవడ ఒకసారి బిగిసి వదులైంది. తర్వాత కష్టంమీద ఒక మోకాలు ఇసుకలో ఆనించి, బొటనవేలితో గుర్తు పట్టుకుని, టేపును ఆమెవైపు తిప్పాడు.

"ఎనభై రెండు" అంది మెరిల్.

"ఎనభై రెండు" అన్నాడు ఎర్ల్.

ఆమె ఎనభై రెండని రాసింది.